మడి కట్టేవారు లేని వీధి

పత్రికల్లో కొత్తగా చేరే కుర్రవాళ్లు అప్పుడప్పుడు ఇన్నీసుపేటలో మా అరుగు మీదికి వచ్చి కూర్చుంటారు. వార్త ఎలా రాయాలండీ అని అడుగుతారు. వాళ్లకి నోటితో చెప్పేది ఒక్కసారి కాగితం మీద పెడదామని ఇది మొదలుపెట్టాను. ఎవరి దగ్గర ఎన్నాళ్లు పనిచేశానో, ఏ కుర్చీలోంచి ఏ కుర్చీలోకి మారానో అన్నవాటిలో మీకు పనికొచ్చేది ఏమీ లేదు. వార్త రాయడం అనే పని చేతుల్లోకి వచ్చాక, దాంతో ఎవరిని కాపాడవచ్చో, ఎవరిని ముంచవచ్చో నాకు తెలిసింది ఒక స్వామి విషయంలో. అదే చెబుతాను.

ఆ స్వామి పేరు రాయను. భయపడి కాదు. అప్పట్లో పేరు పెట్టే అచ్చువేశాం. ఇప్పుడు లోపలి సంగతి చెబుతున్నాను కనక, ఆయన పేరు రాస్తే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే ఇల్లు తెలుస్తుంది. ఇందులో వచ్చే మనుషుల పేర్లు కూడా నేను మార్చినవే.

చెన్నపట్నంలో నేర్చుకున్నది

నాకు మొదట పని నేర్పింది చెన్నపట్నంలో ఒక దినపత్రిక. అక్కడ మా పైవాడు ఒక ముసలి తమిళుడు. నేను రాసిన కాగితం తీసుకుని వాక్యం వాక్యం మీదా వేలు పెట్టి, "చూశావా? విన్నావా? అనుకున్నావా?" అని అడిగేవాడు. అనుకున్నవి కొట్టేసేవాడు. విన్నవాటి పక్కన చెప్పినవాడి పేరు రాయమనేవాడు. చూసినవి ఉంచేవాడు. సాయంత్రానికి నా కాగితం మీద మిగిలేది బహు తక్కువ. ఇంటికి వెళ్లే దారిలో ఆయన్ని తిట్టుకునేవాణ్ణి.

ఆరోగ్యం దెబ్బతిని రాజమహేంద్రవరం వచ్చేశాను. గోదావరి మీద ఇంకా రైలు వంతెన పడని రోజులు. ఇక్కడ నరసింహం పంతులుగారని ఒక వకీలు వారపత్రిక నడుపుతూ ఉండేవారు. పొద్దున్న కోర్టు కచేరీ, సాయంత్రం అచ్చుకూటం. స్త్రీ విద్య మీద ఊళ్లో సభ పెడితే అధ్యక్షులు ఆయనే. మంచివాడు, చెయ్యి అందించి ఆదుకునేవాడు, ఒక్కోసారి తొందరపడేవాడు. వచ్చిన వార్తలన్నీ చూసి సరిచేసే పని నాకు అప్పగించారు.

ఉపదేశి సంగతి

నేను చేరిన కొత్తలో, నా బల్ల దాటకుండానే ఒక వార్త అచ్చయింది. కాలవ దిగువన ఒక మిషన్ బడి ఉంది. అక్కడ క్రైస్తవ ఉపదేశి ఒకడు, ప్రత్యేక ప్రార్థన చేయిస్తానని బడిలో పనిచేసే ఒక యువతిని పిలిపించి చెయ్యకూడని పని చేశాడు. ఆమె వెళ్లి బడి నడిపే దొరసానితో చెప్పుకుంది. సంతలో ఎవరో చెప్పగా ఆ మాట పంతులుగారి చెవిన పడింది. ఆ వారమే వేసేశారు. పరువు నష్టం దావా పడుతుందని ఉపదేశి పేరు వదిలేశారు. "ఒక ఉపదేశి" అన్నారు. ఊరి పేరు వేశారు. "ఆ బడిలో కుట్టుపని నేర్పు యువతి" అని వేశారు.

ఆ చుట్టుపక్కల ఉపదేశులు చాలామంది ఉన్నారు. కుట్టుపని నేర్పే యువతి ఒక్కతే ఉంది.

ఊళ్లో చదువుకున్నవాళ్లు పంతులుగారి చెయ్యి పట్టుకుని ఊపారు. పాదిరీల గుట్టు బయటపెట్టారండీ అన్నారు. ఉపదేశిని వేరే ఊరు మార్చారు. అక్కడా బోధ చేసుకుంటున్నాడని విన్నాం. ఆ అమ్మాయి తండ్రి పొలం పనిచేసే మనిషి. ఒక మధ్యాహ్నం మా అచ్చుకూటం గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అతనికి చదువు రాదు. ధవళేశ్వరం లాకుల దగ్గర ఎవరో పత్రిక పైకి చదువుతూ ఉంటే విన్నాడట.

"అయ్యా, మా అమ్మాయి గురించి రాసింది తమరేనాండీ?"

పంతులుగారు అవునన్నారు.

"అబద్దం రాశారనటం లేదండి. నిజవేనండి. గాని ఆడి పేరు రాయలేదేంటండి?"

పంతులుగారు చట్టం సంగతి చెప్పారు. అతను మొత్తం విన్నాడు. "ఆడికి చట్టం ఉందన్న మాటండి. మా పిల్లకి మీరు ఉన్నారండి," అని తలగుడ్డ సర్దుకుని వెళ్లిపోయాడు. ఆ అమ్మాయిని ఎక్కడో దూరపు జిల్లాలో మిషన్ వాళ్ల దగ్గరికి పంపేశారని తరవాత తెలిసింది.

అందులోంచి పంతులుగారు తీసుకున్న పాఠం వేరు, నేను తీసుకున్నది వేరు. ఇకమీదట ఇలాంటివి వెయ్యకూడదని ఆయన అనుకున్నారు. ఎలా వెయ్యాలో మనకి ఇంకా తెలియదని నేను అనుకున్నాను.

సుబ్బారాయుడు

ఆ తరవాత మాఘమాసంలో సుబ్బారాయుడు వచ్చాడు. ఊళ్లో బడి పంతులు. పంతులుగారికి దూరపు బంధువు. అతని చెల్లెలు సుందరమ్మని కోనసీమలో ఒక అగ్రహారంలో ఇచ్చారు. భర్త పోయాడు. ఆమెకి ఇరవై రెండో, ఇరవై మూడో. బావగారు శేషావధానిగారి ఇంట్లోనే, అత్తగారి దగ్గర ఉంటోంది.

అంతకు ముందటి ఏడు ఆ ఇంటికి స్వామి వేంచేశారు. మఠాధిపతులు సంచారం వచ్చినప్పుడు ఒక ఇంట్లో విడిది ఇస్తారు. ఆ ఇంట్లో స్వామి జపం చేసుకునే గది ఒకటి కేటాయిస్తారు. మడి కట్టుకున్న మనిషి తప్ప ఆ గడప ఎవరూ దాటకూడదు. ఇంటి యజమానయినా సరే. మడిలో ఉన్న మనిషిని తాకకూడదు, పేరు పెట్టి పిలవకూడదు, ఎందుకు ఆలస్యమైందని అడగకూడదు. నీళ్లు పెట్టడానికీ, గంధం తియ్యడానికీ మామూలుగా ఇంట్లో పెద్ద విధవరాలు వెళుతుంది. ఆ ఏడు స్వామి, పెద్దావిడ చేతులు వణుకుతున్నాయి, చిన్నావిడకి సేవ చేసే పుణ్యం ఇవ్వండి అన్నారు. ఇల్లంతా సంతోషించింది. తలుపుకి తాళం అక్కర్లేదు. ఎవరూ రారు.

సుబ్బారాయుడు ఇదంతా నేల చూస్తూ చెప్పాడు. సుందరమ్మ బావగారికి చెప్పుకుంటే, "గురువు మీద నింద వేస్తే ఏడు తరాలు పోతాయి, నోరు కడుక్కో" అన్నారట. ఇప్పుడు స్వామి మళ్లీ వస్తున్నారు. ఫాల్గుణంలో. అదే ఇల్లు, అదే గది. చిన్నావిడే సేవకి ఉండాలని ముందుగా కబురు వచ్చింది. తన ఇంటికి తీసుకుపోతానని సుబ్బారాయుడు వెళ్లి అడిగితే, గురుసేవ మానిపించి తీసుకెళితే రెండు ఇళ్లకీ వెలి తప్పదన్నారు శేషావధానిగారు. వెలి అంటే తద్దినానికి బ్రాహ్మడు రాడు, శవాన్ని మోసేవాళ్లు రారు.

"పత్రికలో వెయ్యండి బాబాయ్. పేర్లతో సహా వెయ్యండి. అప్పుడు ఎలా వస్తాడో చూస్తాను," అన్నాడు సుబ్బారాయుడు.

పంతులుగారు కళ్లజోడు తీసి తుడిచారు. "రుజువేంటిరా?"

"మా చెల్లెలు చెప్పింది."

"అది రుజువు కాదు. కోర్టులో నిలవదు."

నేను ఊరుకోలేకపోయాను. "ఉపదేశి సంగతికి ఏం రుజువుందండీ మన దగ్గర?"

"అది వేరు."

"ఎలా వేరండీ?"

ఆయన అచ్చుయంత్రం చప్పుడు ఆగేదాకా చూసి, అప్పుడు అన్నారు. "అది వాళ్లది. ఇది మనది. మా అమ్మ పోతూ పోతూ ఆ స్వామి పాదతీర్థమే పుచ్చుకుందయ్యా. ఇంకేం చెప్పమంటావు నన్ను?"

ఎదుటి మతంవాడి తప్పుకి పుకారు చాలు, మన మతంవాడి తప్పుకి సాక్షులు కావాలి. ఈ జబ్బు పంతులుగారిది ఒక్కరిదే కాదు. నేను చూసిన సంపాదకులందరికీ ఉంది. ఆయనలో నేను గౌరవించేది, అడిగితే దాచుకోకపోవడం.

"ఒక్కసారి వెళ్లి చూసి వస్తానండి," అన్నాను. ఆయన వద్దనలేదు.

పనసపొట్టు

ధవళేశ్వరంలో పడవ ఎక్కి, కాలవ మీద ఒక పూట ప్రయాణం. సుబ్బారాయుడు తోడు వచ్చాడు. శేషావధానిగారు అరుగు మీద మర్యాద చేశారు. వేదం చదివిన మనిషి, నెమ్మదస్తుడు. స్వామి గురించి మాట్లాడుతుంటే ఆయన కళ్లు చెమర్చాయి. నటన కాదు. ఇలాంటి ఇళ్లలో చెడ్డవాళ్లు ఉంటారనుకుని వెళ్లకండి. చాలాచోట్ల ఇలాంటివారే ఉంటారు. వాళ్లు నమ్మిన దానికి ఇంట్లో ఒకరిని అప్పగించేస్తారు, అప్పగించామని కూడా వాళ్లకి తెలియదు.

సుబ్బారాయుడు నన్ను దొడ్డివైపు తీసుకెళ్లాడు. తలుపు చాటున సుందరమ్మ నిలబడి ఉంది. చీర అంచు మాత్రం కనిపించింది. నేను ఎవరినో అతను చెప్పాడు. నేను ఏమీ అడగకముందే ఆమె అంది.

"నన్ను ఏమీ అడక్కండి. అన్నయ్యకి ఒకసారి చెప్పాను. మళ్లీ చెప్పలేను. మళ్లీ ఆ గదిలోకి పంపకుండా చూస్తే చాలండి."

నేను అడగలేదు. ఆ రోజు గాని, తరవాత గాని. కొత్తవాళ్లకి ఇది వింతగా ఉంటుంది. వార్తకి కావలసినది వేరు, మనకి తెలుసుకోవాలని ఉండేది వేరు. ఈ రెండూ ఒకటే అనుకుంటే, ఆ గదిలోకి ఆమెని మరోసారి మనమే తోస్తాం.

అత్తగారు మహలక్ష్మమ్మగారు పాకలో కూర్చుని పనసపొట్టు కొడుతున్నారు. డెబ్బై దాటిన మనిషి. చెయ్యి వణుకుతోందని స్వామి అన్నారట గాని, కత్తి పడే చోటే పడుతోంది. నన్ను దూరంగా, చూరు నీడ బయటే కూర్చోమన్నారు. మడి.

"పత్రికంటే ఏం చేస్తారు నాయనా మీరు?"

"జరిగింది రాస్తామండి."

"జరగనిది?"

"రాయమండి."

"జరక్కుండా చెయ్యడం మీ వల్ల అవుతుందా?"

"అవదండి."

"మరి ఇంత దూరం ఎందుకొచ్చావు?"

ఆవిడ పొట్టు కొడుతూనే ఉన్నారు. ఆ మాట వదిలి నేనే అడిగాను. "మీ కోడలి మాట మీరు నమ్ముతున్నారాండీ?"

కత్తి ఆగింది.

"నేను నమ్మడమేంటి నాయనా. నాకూ ఒకప్పుడు ఆ వయసే. అప్పుడు ఈ స్వామికి గురువుగారు, పెద్దస్వామి వచ్చేవారు. ఆ గది ఈ ఇంట్లో కొత్తగా కట్టింది కాదు."

సుబ్బారాయుడు లేచి నిలబడ్డాడు. ఆవిడ అతనికేసి చూడలేదు.

"అప్పుడు మీరు ఎవరికీ చెప్పుకోలేదాండీ?" అన్నాను.

"మా అత్తగారితో చెప్పాను. నోరు మూసుకుని స్నానం చెయ్యమంది. చేశాను. ఇప్పటిదాకా చేస్తూనే ఉన్నాను." మళ్లీ కత్తి అందుకున్నారు. "ఆయన ఫాల్గుణ ఏకాదశి వెళ్లిన మర్నాడు వస్తాడు. ఆ పొద్దుటికి నువ్వూ రా. రాయడానికి ఏదన్నా ఉంటే రాద్దువుగాని."

"అత్తయ్యగారూ, మీరేం చేస్తారు?" అన్నాడు సుబ్బారాయుడు.

"ఏం చేస్తాన్రా. ముసలిదాన్ని. దూరం కూర్చుంటాను."

నాకు అర్థం కాలేదు. బయట చేరిన ఆడవాళ్లు నెలకి మూడు రోజులు దూరం కూర్చుంటారు. డెబ్బై ఏళ్ల మనిషికి అదేంటి అనుకున్నాను. ఆవిడ ఆ మాటే వీధిలో ఇంటింటికీ వెళ్లి, తోడు పెరుగు ఇస్తూ పుచ్చుకుంటూ చెప్పారట. ఆ ముసలావిడ దూరం కూర్చుంటానంటే, ఎందుకని ఒక్క ఆడమనిషీ అడగలేదట.

కాలవగట్టు

ఆ రోజు పొద్దున్నే చేరాను. కాలవగట్టు మీద ఊరి పెద్దలు పూర్ణకుంభంతో నిలబడ్డారు. మేళం ఉంది. స్వామి పడవ దిగి పల్లకీ ఎక్కారు. నేను ఆయన్ని చూడడం అదే మొదలు. వికారమైన మనిషిని చూస్తానని అనుకున్నాను. కాదు. విశాలమైన నుదురు, శాంతమైన కంఠం. చదివిన శ్లోకం చెవికి ఇంపుగా ఉంది. నన్ను ఆయన ముందు కూర్చోబెడితే నేనూ నమస్కారం పెట్టేవాణ్ణే. ఇది కూడా రాసిపెట్టుకోండి.

పల్లకీ లేవబోతూ ఉండగా వీధిలోంచి ఒకాయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. శేషావధానిగారి చెవిలో ఏదో చెప్పాడు. ఆయన గట్టు దిగి ఇంటివైపు నడిచారు. నేను ఆయన వెనకాలే వీధిలోకి నడిచాను.

ప్రతి ఇంటి అరుగు మీదా ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. బయట చేరినవాళ్లు దొడ్డి పాకలో, ఎవరి కంటా పడకుండా ఉండడం ఆచారం. వీళ్లు వీధివైపు కూర్చున్నారు. జుట్టు దువ్వుకోలేదు, స్నానాలు లేవు. ముట్టుడిగిన పెద్దవాళ్లు పడుచువాళ్లని ఆనుకుని కూర్చున్నారు. తాకితే వాళ్లకీ మైలే. వంటిళ్లు, నూతులు, దేవుడి గదులు అన్నీ పొద్దున్నే తిరిగి, ముట్టుకుని వచ్చారట. స్వామితో వంటవాళ్లు ఉన్నారు, నిజమే. వంట ఏ ఇంట్లో వండుతారు? జపం ఏ గదిలో చేసుకుంటారు?

శేషావధానిగారి గుమ్మంలో మహలక్ష్మమ్మగారు కూర్చుని ఉన్నారు. అటు పెద్దకోడలు, ఇటు సుందరమ్మ. ఆవిడ చెయ్యి సుందరమ్మ మోచేతి మీద ఉంది.

"అమ్మా! నువ్వేంటే ఇక్కడ? వాళ్లని ముట్టుకున్నావేంటి?"

"ముట్టుకున్నాన్రా."

"అయ్యో, స్వామివారు గట్టు మీద ఉన్నారే. వెళ్లి ఒక్క మునక వేసి రా. నువ్వొక్కదానివి శుద్ధిగా ఉంటే చాలు, ఏదో చేద్దాం."

"జలుబు చేసిందిరా. మునగలేను."

"జలుబేంటే! పుష్యమాసంలో తెల్లారగట్ట మునిగేదానివి!"

"అన్నాళ్లు మునిగే చేసింది."

ఎదురింటి అరుగు మీంచి ఇంకో ముసలావిడ కేకేసింది. "మాకూ చేసిందర్రా అవధాన్లూ! ఈ వీధిని పట్టుకుంది జలుబు!"

ఎవరో నవ్వారు. వెంటనే ఆపుకున్నారు.

పక్కింటాయన పెళ్లాం మీద విరుచుకుపడ్డాడు. "అందరికీ ఒక్క రోజే ఎలా వచ్చిందే?"

"మీరంతా ఒక్క రోజే వెళ్లి ఆయన కాళ్ల మీద పడటం లేదేంటి? అలాగే," అంది ఆవిడ, తల దించకుండా.

"పుణ్యాహవాచనం చేయిద్దాం," అన్నారు ఎవరో.

"ఏ నీళ్లతో అన్నయ్యా? నూతులన్నీ ముట్టుకున్నాం. మళ్లీ ముట్టుకోకుండా ఉంటామని ఎవరన్నారు?"

ఒక్కరూ స్వామి మాట ఎత్తలేదు. ఒక్కరూ గది మాట ఎత్తలేదు. మగవాళ్లు ఇంటికీ ఇంటికీ మధ్య తిరుగుతున్నారు. వాళ్లలో కొందరు అప్పటికే ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశారు. శేషావధానిగారు తల్లి ముఖం, తరవాత మరదలి ముఖం, తరవాత మరదలి మోచేతి మీద ఉన్న చెయ్యి చూశారు. అక్కడే మెట్టు మీద చతికిలబడ్డారు. ఆయన లేచి గట్టుకి వెళ్లలేదు.

కబురు ఇంకెవరో మోశారు. నేను గట్టుకి తిరిగి వచ్చేసరికి స్వామి అడుగుతున్నారు.

"ఏ ఇంటివారు?"

"అన్ని ఇళ్లవారూనండి స్వామీ."

పల్లకీ తెర కొంచెం తొలగింది. అక్కడినుంచి వీధి ఆ చివరిదాకా కనిపిస్తుంది. అరుగుల మీద ఆడవాళ్లు కనిపిస్తారు. ఆయన చూశారు. వాళ్లూ చూశారు. మామూలుగా ఆయన చూస్తే తలలు వంగుతాయి. తెర మళ్లీ పడింది. మేళంవాళ్లకి వాయించాలో మానాలో తెలియలేదు. సన్నాయి ఒకటి ఎత్తుకుని ఆగిపోయింది. పల్లకీ మళ్లీ పడవ దగ్గరికి వెళ్లింది.

రెండు వాక్యాలు

తిరుగు పడవలో పెద్ద వ్యాసం రాశాను. ఇల్లు చేరాక మా చెన్నపట్నం ముసలాయన వేలు గుర్తొచ్చింది. చూశావా? విన్నావా? అనుకున్నావా? విన్నవి కొట్టేశాను, ఎందుకంటే చెప్పినవాళ్ల పేర్లు రాయకూడదు. అనుకున్నవి కొట్టేశాను. మిగిలింది పంతులుగారి ముందు పెట్టాను.

స్వామి పేరు, మఠం పేరు, అగ్రహారం పేరు, ఆ తరవాత ఇది. "స్వామివారు వేంచేసిన దినమున ఆ వీధిలోని స్త్రీలందఱును విచిత్రముగా బయటనుండుటచే విడిది దొరకలేదు. వారు కాలువగట్టు నుండియే మరలిపోయిరి."

"ఆడవాళ్లు బయటున్న సంగతి పత్రికలో వేస్తారటయ్యా? నలుగురూ నవ్వరూ?" అన్నారు పంతులుగారు.

"నవ్వరండి."

మళ్లీ చదివారు. "దీని కింద నేను నాలుగు ముక్కలు రాస్తాను. గురువుల నడవడి గురించి, మన సంఘం స్థితి గురించి."

"వద్దండి. మీరు రాస్తే ఎవరి గురించో అని వెతుకుతారు. ఇప్పుడు వెతికేందుకు ఎవరూ లేరు. వీధంతా కూర్చుంది."

అప్పుడు ఆయనకి తట్టింది. కుట్టుపని నేర్పే యువతి ఒక్కతే. ఇక్కడ వీధి మొత్తం. ఆయన ముఖంలో ఆ ఉపదేశి వార్త కదలడం నేను చూశాను. కలం తీసుకుని ఒక్క మాట కొట్టేశారు. "విచిత్రముగా." అది నేను చూసింది కాదు, అనుకున్నది. కాగితం అచ్చుకి పంపారు. తన తల్లి పోతూ తీర్థం పుచ్చుకున్న స్వామి పేరు ఆ వాక్యంలో ఉంది. ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించేది ఆ కొట్టివేతే.

మఠం తరఫున ఒక వకీలు నోటీసు ఇచ్చాడు. పంతులుగారు జవాబు రాశారు. ఇందులో ఏ మాట అబద్ధమో తెలియజేస్తే సవరణ వేస్తామన్నారు. జవాబు రాలేదు. స్త్రీలు బయట లేరని ఎవరు సాక్ష్యం చెబుతారు? ఆ వీధి మొత్తాన్ని వెలి వేస్తూ స్వామి శ్రీముఖం, అంటే మఠం ఆజ్ఞాపత్రం, పంపారట. వీధి మొత్తం వెలిలో ఉంటే, ఒకరిని ఒకరు పిలవడం ఎవరు మానుతారు? అది అలాగే పాతబడిపోయింది. ఆ సంచారంలోనే ఇంకో ఊళ్లో కూడా విడిది దొరకలేదని మాకు వార్త వచ్చింది. కారణం అదే. వేశాం.

స్వామికి శిక్ష పడిందా అని మీరు అడుగుతారు. పడలేదు. వేరే ఊళ్లు తిరిగారు, పూజలందుకున్నారు, పెద్ద వయసులో పోయారు. మేము రాసిన రెండు వాక్యాలు ఆయన్ని ఏమీ చెయ్యలేదు. ఒక గది తలుపు మూయించింది ఆ వీధి ఆడవాళ్లు. అది మూతపడిందని మేము రాశాం, అంతే. పత్రిక అన్నీ చేస్తుందని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి. ఏమీ చెయ్యలేదని చెప్పినా నమ్మకండి.

మహలక్ష్మమ్మగారు

చాలా ఏళ్ల తరవాత, పంతులుగారు పోయి పత్రిక నా చేతికి వచ్చాక, సుబ్బారాయుడు ఒక పొద్దున్న అచ్చుకూటానికి వచ్చాడు. వెనకాల సుందరమ్మగారు. మొదటిసారి ఆమె ముఖం దగ్గరగా చూశాను. నడివయసు మనిషి. స్వామి వెళ్లిపోయిన ఏడే అన్నగారు వచ్చి తీసుకెళతానంటే శేషావధానిగారు అడ్డు చెప్పలేదట. ఆమే వెళ్లలేదు. అత్తగారి దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు అత్తగారు పోయారు. పదకొండో రోజు దాటాక రాజమహేంద్రవరం వచ్చేసింది.

"మా అత్తగారు పోయినట్టు పత్రికలో వేస్తారాండీ?" అంది.

మా పత్రికలో జమీందారులు పోతే వేసేవాళ్లం. పండితులు పోతే వేసేవాళ్లం. అగ్రహారంలో ఒక ముసలి విధవరాలు పోతే ఏ పత్రికలోనూ వెయ్యరు. వేస్తానన్నాను. కాగితం తీసుకుని, ఆవిడ గురించి ఏం రాయమంటారమ్మా అన్నాను.



"ఆ రోజు తరవాత అత్తగారు మళ్లీ మడి కట్టలేదండి."

నాకు వెంటనే అర్థం కాలేదు. "ఏ రోజు తరవాత?"

"మీరు వచ్చిన రోజు. అప్పటిదాకా తడిబట్ట లేకుండా పొయ్యి దగ్గరికి వెళ్లిన మనిషి కాదు. నిద్ర లేస్తే నూతి దగ్గరే. నన్ను కూడా తాకేది కాదు. ఆ రోజు నా చెయ్యి పట్టుకుంది కదండీ. ఇంక వదల్లేదు. మామూలుగా పొద్దెక్కాక వేన్నీళ్లు పోసుకునేది, పొడిబట్ట కట్టుకునేది, నేను వండిందే తినేది. బావగారు బతిమాలారు. వీధిలో పెద్దవాళ్లు వచ్చి అడిగారు, వెలి కూడా చల్లారిపోయింది కదా, ఇంకా ఎందుకు పిన్నీ, మడి కట్టుకో అని."

"ఏమనేవారండీ?"

సుందరమ్మగారు నవ్వింది. తరవాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చివరిదాకా ఒకటే మాటండి. ఆ జలుబు ఇంకా తగ్గలేదర్రా అనేది."

ఊరి పేరూ, ఆవిడ పేరూ, తిథీ రాసి ఆ వారం పత్రికలో వేశాను. జలుబు మాట అందులో వెయ్యలేదు. అది సుందరమ్మగారిది. ఈ మధ్య ఆమెని అడిగి, ఇక్కడ రాశాను.